అమ్మ అసలు గొంతు

మూత దొరికింది.

వంటింట్లో సింకు కింద, పాత గుడ్డలు పెట్టే బుట్ట వెనక, గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నీలం రంగు టిఫిన్ డబ్బా మూత. దాని మీద మనోజ్ఞ అంటించుకున్న పిల్లిబొమ్మ సగం ఊడి వేలాడుతోంది. బళ్ళో పోగొట్టుకొచ్చావంటూ ఉదయశ్రీ ఆ రోజు ఇల్లు పీకి పందిరేసింది ఈ మూత కోసమే. అది ఇంట్లోనే ఉంది.

ఉదయశ్రీ దాన్ని చేత్తో పట్టుకుని నేల మీద అలాగే కూర్చుండిపోయింది. ఏడుపు రావాలి. రాలేదు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించాలి. అదీ అనిపించలేదు. కాసేపటికి లేచి మూతను కడిగి, తుడిచి, గిన్నెల స్టాండులో బోర్లించింది.

గుమ్మంలో నిలబడి భర్త సాయిశ్రీనివాస్ ఇదంతా చూశాడు. చేతిలో, అమ్మమ్మ ఇంట్లో ఉంటున్న కూతురికి ఇవ్వాల్సిన స్కూలు బట్టల సంచీ ఉంది.

"ఎక్కడుంది?"

"సింకు కింద."

"ఓహో."

ఆ ఓహోలో వెటకారం ఉన్నా బాగుండేది. ఏమీ లేదు. శ్రీనివాస్ సినిమాలకు ఎడిటింగ్ చేస్తాడు. ఎక్కడ కత్తిరించాలో, ఎక్కడ వదిలేయాలో తెలిసినవాడని పేరు. పాలగిన్నె రోజు నుంచి ఇంట్లో మాటలన్నీ కత్తిరించేసి, అవసరమైనవి మాత్రం ఉంచాడు. కరెంటు బిల్లు వచ్చింది. గ్యాసు అయిపోయింది. నేను వస్తాను, తలుపేసుకో.

ఆ రోజు ఉదయశ్రీ పొయ్యి మీద నుంచి దించిన పాలగిన్నెను పట్టకారుతో సహా విసిరేసింది. గోడకేసి విసిరానని ఆమె ఇప్పటికీ అనుకుంటోంది. గోడకూ ఆమెకూ మధ్య పన్నెండేళ్ళ కూతురు నిలబడి ఉంది. పిల్ల ఎడమ చెయ్యి మోచేతి దగ్గర నుంచి మణికట్టు దాకా బొబ్బలెక్కింది.

ఆసుపత్రిలో డాక్టరు, ఎలా కాలిందమ్మా అని అడిగితే తల్లీ తండ్రీ ఇద్దరూ నోళ్ళు కట్టేసుకుని నిలబడ్డారు. జవాబు చెప్పింది మనోజ్ఞే. నేనే ఒలకబోసుకున్నాను డాక్టర్ అంది. అంత తేలిగ్గా, అంత నమ్మకంగా అబద్ధం చెప్పడం ఆ పిల్లకు మొదటిసారి కాదని ఉదయశ్రీకి అప్పుడే తెలిసింది.

"లెక్కల పుస్తకం పెట్టావా?" అంది ఇప్పుడు.

"పెట్టాను."

"మా అమ్మను అడిగానని చెప్పు. మనూకి... మనూకి కూడా చెప్పు."

"ఏమని?"

శ్రీనివాస్ సంచీ జిప్పు వేశాడు. ఒక చోట జిప్పు ఇరుక్కుంది. దాన్ని ఓపిగ్గా వెనక్కి లాగి, మళ్ళీ ముందుకు లాగి, పూర్తి చేశాడు.

"ఆదివారం మనూని అడుగుతాను," అన్నాడు. "ఇంటికొస్తానంటే తీసుకొచ్చేద్దాం. రానంటే బలవంతం చెయ్యను. జూన్‌లో విజయవాడలో మా హరిణక్క దగ్గర ఉంచి బళ్ళో చేర్పిస్తాను. అక్కతో మాట్లాడాను."

"నాతో మాట్లాడకుండానా?"

"నీతోనే మాట్లాడుతున్నాగా."

"కౌన్సిలింగ్‌కి వెళ్ళమన్నావు, వెళ్తున్నాను."

"వెళ్తున్నావు. నేను కాదనలేదు."

"ఒక్కసారి తిట్టు శ్రీనూ. నోటికొచ్చినట్టు తిట్టు. పడతాను."

అతను చెప్పులు వేసుకుంటూ ఆగాడు. ఆలోచించే జవాబిచ్చాడు.

"తిడితే నీకు తేలికైపోతుంది ఉదయా. నాకెందుకో అది ఇష్టం లేదు."

తలుపు మెల్లగా వేసి వెళ్ళాడు. ఆ ఇంట్లో తలుపు ధడాలున వేసే హక్కు ఒక్కరికే ఉండేది.

* * *

అతను మోతీనగర్‌లో అత్తగారింటికి చేరే లోపే అక్కడి నుంచి ఫోను వచ్చింది. ఉదయశ్రీ తల్లి బాలమణి. ఆవిడకు ఫోనులో క్షేమసమాచారాలు అడిగే అలవాటు లేదు. నేరుగా విషయానికొస్తుంది.

"ఉదయా, ఒక మాట అడుగుత. నిజం జెప్పు."

"చెప్పమ్మా."

"మొన్న పొద్దుగాల పిల్ల ఎంతకూ లేస్తలేదని, 'ఏందే, లేవవా, బడి లేదా' అన్న. ఊరికెనే అన్న, నిన్ను లేపినట్టే. పిల్ల దిగ్గున లేచి గోడకు ఒత్తుకపోయింది. కట్టు గట్టిన చెయ్యి తెచ్చి ముఖానికి అడ్డం పెట్టుకున్నది. నాకు గుండెల రాయి పడ్డట్టయింది. ఏం జేసినవే దాన్ని?"

"చెప్పాను కదమ్మా. పాలు..."

"పాల ముచ్చట గాదు నేను అడుగుతున్నది. పాలు ఒక్కనాటి ముచ్చట. పిల్ల గట్ల ఉలికిపడుడు ఒక్కనాడు నేర్చుకున్నది గాదు."

ఉదయశ్రీ ఫోను చెవికి ఆనించుకుని వంటింటి గోడను చూస్తూ నిలబడింది. పాలు ఎండిన చారను ఎంత రుద్దినా రంగు వెలిసి అక్కడ మచ్చలా తెలుస్తోంది.

"ఇప్పుడెలా ఉంది?" అని అడిగింది చివరికి.

"ఇప్పుడు జర నయం. రోజుకింత అలవాటు పడుతున్నది. నిన్న నేను 'ఏందే' అంటే 'ఏందమ్మమ్మా' అని నవ్వింది." అంతలోనే బాలమణి, "నువ్వు మంచిగనే ఉన్నవా? తింటున్నవా?" అంది.

తింటున్నాననే చెప్పింది. నిజానికి ఏం తిన్నదో ఆమెకు గుర్తు లేదు.

* * *

అరుణజ్యోతి కౌన్సిలింగ్ చేసే గది జూబ్లీహిల్స్‌లో ఒక పాత మేడ పై అంతస్తులో ఉంది. కింద పెళ్ళిబట్టలు కుట్టే దుకాణం. పైకి ఎక్కడానికి ముందు మెట్లు, దిగడానికి వెనక మెట్లు. వచ్చేవాళ్ళకు వెళ్ళేవాళ్ళు ఎదురుపడకూడదని ఆ ఏర్పాటు. సినిమావాళ్ళకు గుండెజబ్బు వస్తే పూలగుత్తులు పట్టుకుని పరామర్శకు వెళ్తారు. మనసు బాగాలేదంటే మాత్రం సాయంత్రానికల్లా ఫిల్మ్‌నగర్ అంతా చెవులు కొరుక్కుంటుంది. అందుకని ఎండైనా వానైనా ఆ మెట్లెక్కేవాళ్ళు టోపీ, మాస్కు పెట్టుకునే ఎక్కుతారు.

ఉదయశ్రీకి ఆ బాధ లేదు. డబ్బింగ్ చెప్పేవాళ్ళ మొహం ఎవరికీ తెలియదు. ఆమె గొంతు తెలియని ఇల్లు మాత్రం లేదు. తెర మీద ఎందరో కథానాయికలు నవ్విందీ, ఏడ్చిందీ, తాళి పట్టుకుని ప్రమాణం చేసిందీ ఆ గొంతుతోనే.

అరుణజ్యోతికి యాభై దాటి ఉంటాయి. కళ్ళద్దాలు ముక్కు మీద కంటే నెత్తి మీదే ఎక్కువసేపు ఉంటాయి. మాట్లాడుతున్నంతసేపూ ఏమీ రాసుకోదు.

"ఆ రోజు సంగతి మళ్ళీ ఒకసారి చెప్పండి ఉదయశ్రీ గారు."

"పోయిన వారం మొత్తం చెప్పానండీ."

"చెప్పారు. మళ్ళీ వింటాను."

ఉదయశ్రీ చెప్పింది. స్టూడియోలో పొద్దుటి నుంచీ అరుపుల సీన్లు చెప్పి రావడం, గొంతు మండటం, సింకులో చూస్తే డబ్బాకు మూత లేకపోవడం, గిన్నె చేతిలో ఉండటం. తర్వాత ఆసుపత్రి.

"డాక్టరు అడిగితే నా కూతురు..." అంటూ ఆగింది. గొంతులో సన్నని వణుకు. ఒక చిన్న ఊపిరి. "నా కూతురు, నేనే ఒలకబోసుకున్నాను డాక్టర్ అంది," అని మాటను కిందికి దింపి వదిలేసింది.

పోయిన వారం సరిగ్గా ఇక్కడే అరుణజ్యోతి కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. ఈసారి తుడుచుకోలేదు.

"పోయినసారి కూడా ఇక్కడే ఆగారు," అంది. "ఇదే ఊపిరి. ఇదే వణుకు. మాటను దించడం కూడా ఇలాగే."

ఇంకొకరైతే సిగ్గుపడేవారు. ఉదయశ్రీకి అందులో తప్పేమిటో వెంటనే అర్థం కాలేదు.

"మా పనే అది మేడం. వన్ మోర్ అంటే మళ్ళీ అదే ఇవ్వాలి. తెర మీద పెదవులు మారవు కదా."

"చెబుతున్నప్పుడు మీకు లోపల ఏమనిపించింది?"

"ఏమీ లేదు."

"మరి వణుకు?"

"అది వస్తుంది. అక్కడ రావాలి కాబట్టి తెప్పించాను." వెంటనే, "నేను నాటకం ఆడలేదండీ," అంది.

"ఆడారనడం లేదు. లోపల మొద్దుబారిపోయి ఉంది. పైన గొంతు మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. మీకే తెలియకుండా."

అది నిజమే. నిన్న స్టూడియోలో కొడుకు శవం మీద పడి తల్లి ఏడ్చే సీను ఒక్క టేక్‌లో చెప్పేసింది. అద్దం అవతల సౌండ్ ఇంజనీరు కళ్ళు ఒత్తుకున్నాడు. ఆమె వేడినీళ్ళు తాగి, తర్వాతి సీను ఏమిటని అడిగింది.

"ఏ గొంతూ పెట్టకుండా చెప్పండి ఈసారి."

ఉదయశ్రీ ప్రయత్నించింది. మాటలు వరసగా, చదునుగా వచ్చాయి.

"ఇది వార్తలు చదివే ఆవిడ," అంది అరుణజ్యోతి.

మళ్ళీ చెప్పింది.

"ఇది కూడా ఎక్కడో విన్నాను. డాక్యుమెంటరీలో."

మళ్ళీ మొదలుపెట్టింది. మధ్యలో ఆగిపోయింది. ఎడమ చెవి వేడెక్కడం తెలిసింది.

"ఇంకోసారి..." అనబోయింది అరుణజ్యోతి.

"గట్లెందుకు సతాయిస్తున్నరు నన్ను? చెప్పిన కద. చేసిన. నా బిడ్డ చెయ్యి నేనే కాల్చిన. ఇంకెన్నిసార్లు జెప్పాలె మీకు?"

కింద దుకాణంలో కుట్టుమిషను చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఉదయశ్రీ కుడిచేతిలో మంచినీళ్ళ గ్లాసు ఉంది. దాన్ని ఎప్పుడు పట్టుకుందో ఆమెకు తెలియదు.

అరుణజ్యోతి కదల్లేదు. కంగారూ పడలేదు.

"ముందు గ్లాసు కింద పెట్టండి. ఆ. ఇప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనించండి. ఊపిరి లోపలికి తీసుకున్నదానికంటే నిదానంగా వదలండి. తొందరేం లేదు."

ఉదయశ్రీ చెప్పినట్టు చేసింది. గ్లాసు బల్ల మీద పెడుతుంటే నీళ్ళు తొణికాయి. ఆ తడిని చీరకొంగుతో తుడవబోతే, "ఉండనివ్వండి," అంది అరుణజ్యోతి. "పోయినసారి అడిగాను గుర్తుందా, కోపం వచ్చే ముందు ఒంట్లో ఏం తెలుస్తుందని? ఏమీ తెలియదు, అంతా అయ్యాకే తెలుస్తుందన్నారు."

"అవును."

"ఇప్పుడేం తెలిసింది?"

"చెవి కాలింది. ఎడమ చెవి."

"ఆ తర్వాత?"

ఉదయశ్రీ ఆలోచించింది. "మాట మారింది," అంది మెల్లగా.

ఆ మాట ఆమె పుట్టింటిది. మోతీనగర్ గల్లీలో నేర్చుకున్న మాట. ఇరవయ్యేళ్ళ వయసులో మొదటిసారి డబ్బింగ్ స్టూడియోకి వెళ్తే అక్కడి పెద్దమనిషి, గొంతు బంగారం తల్లీ, ఆ యాస మాత్రం ఇంట్లో వదిలేసి రా అన్నాడు. పని కావాలి, వదిలేసింది. ఆ తర్వాత ఎప్పుడో గయ్యాళి పాత్రకో, ముఠానాయకుడి పెళ్ళానికో కావాలంటే, మీది తెలంగాణ కదా మేడం, కొంచెం మాస్‌గా చెప్పండి అని వాళ్ళే తిరిగి అడగడం మొదలుపెట్టారు. పెళ్ళాడింది విజయవాడ అబ్బాయిని. ఇంట్లో మాట కూడా స్టూడియో మాటే అయిపోయింది. అది తను కోరి మార్చుకుందో, దానంతటదే మారిందో ఆమె ఎన్నడూ పట్టించుకోలేదు.

"కోపం రావడం తప్పు కాదు," అంది అరుణజ్యోతి. "చెయ్యి లేచే ముందు మీకు మాట మారుతోంది. అది మనకు పనికొచ్చే కబురు. మాట మారిందని తెలిసిన వెంటనే చేతిలో ఉన్నది కింద పెట్టి, గదిలోంచి బయటికి రండి. ఇప్పుడే వస్తానని పాపకు చెప్పి మరీ రండి. చెప్పకుండా వెళ్తే అదొక భయం పిల్లలకు."

"ఆ మాటే మాట్లాడకుండా ఉంటే సరిపోతుందేమో."

"మాట ఏం చేసిందండీ పాపం? అది మీ అమ్మగారి మాట. మీ పాప ఆ మాట మీ నోట ఎప్పుడెప్పుడు విన్నది?"

"కోపంలో."

"మామూలప్పుడు? అన్నం పెడుతూనో, జడ వేస్తూనో?"

ఉదయశ్రీ వెతుక్కుంది. పిల్ల చిన్నప్పుడు ఇద్దరూ ఒక ఆట ఆడేవాళ్ళు. తను రకరకాల గొంతులు పెట్టి మాట్లాడేది. ఇది ఎవరు చెప్పు అంటే మనోజ్ఞ పొట్ట పట్టుకుని నవ్వుతూ చెప్పేది. దయ్యం, పెద్దింటి అత్త, డాక్టరమ్మ, ఏడుపుగొట్టు హీరోయిను. అన్ని గొంతులున్న ఆ ఆటలో అమ్మ గొంతు ఒక్కటే లేదు.

"లేదండీ," అంది.

అరుణజ్యోతి ఆ జవాబును అక్కడే ఉండనిచ్చింది. లేచే ముందు మాత్రం గట్టిగా చెప్పింది.

"ఆదివారం పాప దగ్గరికి వెళ్తున్నారు కదా. ఏమీ ప్రయత్నించకండి. క్షమాపణ కూడా వద్దు. పక్కన కూర్చోండి. మాట్లాడితే వినండి. మాట్లాడకపోతే ఊరికే ఉండండి. ఇది ఆదివారానికి తయారయ్యేది కాదు, నెలలు పడుతుంది. శ్రీనివాస్ గారిని కూడా ఒకసారి రమ్మనండి."

ఉదయశ్రీ తలూపింది. తలూపినవాళ్ళందరూ విన్నట్టు కాదు. ఇరవయ్యో ఏట నుంచి ఆమెకు తెలిసిన పని ఒక్కటే. విడుదల తేదీ ముందే నిర్ణయమైపోయి ఉంటుంది, దానిలోపు గొంతు సిద్ధం చేసుకోవాలి. ఆదివారం కూడా ఆమెకు అలాంటి తేదీగానే కనిపించింది. వెనక మెట్లు దిగుతూనే పెదవులు కదిలించడం మొదలుపెట్టింది.

* * *

ఆదివారం సాయంత్రం జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్ పడింది. కారులో ఇద్దరూ ఎదురుగా ఉన్న హోర్డింగును చూస్తూ కూర్చున్నారు. దాని మీద కొత్త సినిమా నాయిక పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. ఆమె గొంతు కారులో ఉంది.

"తిట్టనన్నావు. సరే. భయంగా కూడా లేదా నీకు?" అంది ఉదయశ్రీ.

"ఎవరి గురించి?"

"మనూ రానంటే."

శ్రీనివాస్ గేరు మార్చాడు. "వస్తానంటే ఇంకా భయంగా ఉంది," అన్నాడు.

మోతీనగర్‌లో బాలమణి ఇల్లు మొదటి అంతస్తు. వసారాలో చాప వేసుకుని ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. లోపల టీవీలో ఏదో సీరియల్ నడుస్తోంది. అందులో సహనమూర్తి అయిన అత్త కోడలికి నీతులు చెబుతోంది. ఆ గొంతు ఉదయశ్రీదే. బాలమణి ఆ సీరియల్ కథ కోసం చూడదు, కూతురి గొంతు కోసం పెట్టుకుంటుంది.

"రా బిడ్డా, కూసో," అంది అల్లుడితో. కూతుర్ని పైనుంచి కిందికి చూసింది. లోపలికి తిరిగి కేకేసింది. "ఏందే మనూ, నాయినొచ్చిండు. బయటికి రావా, గాడనే కూసుంటవా?"

ఉదయశ్రీ గుమ్మం వైపు చూసింది.

"వస్తున్న అమ్మమ్మా," అంది లోపలి నుంచి మనోజ్ఞ.

భయం లేదు. ఉలికిపాటు లేదు. పైగా ఆ పిల్ల కూడా అమ్మమ్మ మాటే మాట్లాడింది. టీవీ ఆగిపోయింది. మనోజ్ఞ గుమ్మంలోకి వచ్చింది. చేతికి కట్టు పోయింది. కాలిన చోట చర్మం గులాబీ రంగులో కొత్తగా, పల్చగా ఉంది. వచ్చి అమ్మమ్మకూ గోడకూ మధ్య ఉన్న కాస్త చోటులో ఇరుక్కుని కూర్చుంది.

"హాయ్ నాన్నా."

"హాయ్ నాన్నా," అన్నాడు శ్రీనివాస్ కూతుర్ని కూడా అదే పిలుపుతో పిలుస్తూ. అది వాళ్ళిద్దరి అలవాటు.

అమ్మను కూడా చూసింది పిల్ల. పొడిగా నవ్వింది. ఇంటికొచ్చిన చుట్టాలను చూసి నవ్వినట్టు నవ్వింది.

ఉదయశ్రీ చాప చివర కూర్చుంది. ఊరికే ఉండండి అన్న మాట గుర్తుంది. కాసేపు ఊరికే ఉంది కూడా. శ్రీనివాస్ బడి గురించి అడిగాడు. సైన్సు టీచరు మారిందని పిల్ల చెప్పింది. బాలమణి చిక్కుడుకాయలు గిన్నెలో వేస్తోంది. అందరూ మామూలుగానే ఉన్నారు. ఆ మామూలుతనంలో తనకు చోటు లేదని ఉదయశ్రీకి తెలుస్తోంది. తెలిసినా ఎక్కడా నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే ఆమెను భయపెట్టింది.

"మనూ," అంది. "అమ్మ నీకొక మాట చెప్పాలమ్మా. ఆ రోజు అమ్మ చాలా పెద్ద తప్పు చేసింది. మూత ఇంట్లోనే దొరికింది. నువ్వు పోగొట్టలేదు. అమ్మను..." సన్నని వణుకు. చిన్న ఊపిరి. "అమ్మను క్షమిస్తావా?"

చాలా బాగా చెప్పింది. వింటున్న బాలమణి కొంగు కళ్ళకు ఒత్తుకుంది.

మనోజ్ఞ శ్రద్ధగా విన్నది. తర్వాత, చిన్నప్పటి ఆటలో జవాబు చెప్పినట్టు, నవ్వు మాత్రం లేకుండా చెప్పింది.

"ఇది ఇందాక టీవీలో ఉన్న ఆంటీ గొంతు."

శ్రీనివాస్ కూతురి వైపు, భార్య వైపు చూసి, తల దించుకున్నాడు. బాలమణి గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

ఇప్పుడైనా ఊరుకోవలసింది. కానీ ఇందాక గుమ్మంలోంచి వినిపించిన "వస్తున్న అమ్మమ్మా" అన్న మాట ఆమె చెవుల్లోనే ఉంది. పిల్లకు ఆ మాట అలవాటైంది. భయం పోయింది. ఇక తనకు మిగిలింది అదొక్కటే. వెనక మెట్ల మీద, స్టూడియోలో టేకుల మధ్య, స్నానాల గదిలో నీళ్ళు వదిలి పలికి చూసుకున్న చిన్న మాట. అందులో వణుకు లేదు, ఊపిరి లేదు. అది తన మాట, తన అమ్మ తనకు అన్నం పెడుతూ అడిగిన మాట. జీవితంలో మొదటిసారి ఉదయశ్రీ కూతురితో ఆ మాట మెత్తగా పలకబోతోంది.

కొద్దిగా ముందుకు వంగింది.

"ఏందే బిడ్డా, తిన్నవా?"

మెత్తగానే అన్నది. ఆ ఇంటి గోడలు కూడా సాక్ష్యం చెబుతాయి, అంత మెత్తగా ఆమె ఏ పాత్రకూ చెప్పి ఉండదు.

మనోజ్ఞ గోడకు ఒత్తుకుపోయింది. కొత్త చర్మం ఉన్న చెయ్యి లేచి ముఖానికి అడ్డం వచ్చింది. ఇంకో చేత్తో నేల మీద తండ్రి కోసం తడుముకుంది. అతని ప్యాంటు అంచు దొరికితే పట్టుకుంది.

"కోపమొచ్చిందా అమ్మా?" అని అడిగింది చేతి వెనక నుంచి. "నేనేం చేశాను?"

ఆ రోజు నుంచీ బండలా ఉన్నదేదో ఉదయశ్రీ గుండెలో ఒక్కసారిగా కదిలింది. కళ్ళల్లో నీళ్ళు వాటంతటవే దిగాయి. ఆమె పిలవలేదు, ఆపలేకపోయింది.

"రాలేదు," అని చెప్పాలి. ఒక్క మాట. తండ్రి చూస్తున్నాడు. వంటింటి గుమ్మంలో బాలమణి గరిటె పట్టుకుని నిలబడిపోయింది. చేతి సందులోంచి మనోజ్ఞ కళ్ళు తల్లి పెదవులనే చూస్తున్నాయి.

ఉదయశ్రీ నోరు తెరిచింది. ఏ గొంతు వస్తుందో ఆమెకు తెలియలేదు.